కదలని ఆటో కింద చుక్కలు

పోయిన వారం లింగస్వామిని దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరంలో, మోచేతి దాకా నల్ల నూనె అంటుకుని ఉండగా వదిలిపెట్టాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. సకల జనుల సమ్మె రోజులు. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. కొత్తపేట ఆటో అడ్డా వాళ్ళు కూడా తమ బండ్లు ఆపేసి సమ్మెలోకి దిగారు. ఆ అడ్డా సంఘానికి లింగస్వామి అధ్యక్షుడు. చక్రం తిప్పినవాడు ద్రోహి అని మైకు పట్టుకుని అన్నదీ అతనే. అలాంటి సమయంలో మంగళవారం మధ్యాహ్నం అదే అడ్డాకు చెందిన అంతయ్య, చైతన్యపురి దగ్గర ఖాళీ ఆటో తోలుకుపోతూ దొరికాడు. అంతకుముందే అతని బండిలో ఎవరో ఆడమనిషిని చూశామని ఇద్దరు చెప్పారు. ఎవరామె అంటే, పానం బాగలేని మనిషి అన్నాడు. పేరేంటి, ఇల్లెక్కడ అంటే నోరు విప్పలేదు. షెడ్డు నుంచి డబ్బాలో తెప్పించిన కాలిన ఇంజన్ ఆయిల్‌లో లింగస్వామి చేయి ముంచి, పదిమందీ చూస్తుండగా అంతయ్య ముఖానికి పూశాడు. అంతయ్య కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు.

ఇప్పుడు శుక్రవారం. అడ్డా సమ్మెకు పన్నెండో రోజు.

ఆ పొద్దున లింగస్వామి శిబిరానికి బయలుదేరుతుంటే ఇంటి ఓనరు వెంకటేశ్వరరావు మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు. తెనాలి దగ్గరి మనిషి. బ్యాంకులో ఆఫీసరు. పద్నాలుగేళ్ళుగా పై వాటాలో ఆయన, భార్య కుసుమకుమారి ఉంటున్నారు. కింద వెనకవైపు రెండు గదుల్లో లింగస్వామి, అతని భార్య నాగేశ్వరి. గేటు నుంచి ఆ గదుల దాకా వాలుగా గచ్చు పోసి ఉంటుంది. లింగస్వామి ఆటో నిలబడేది ఆ గచ్చు మీదే. పద్నాలుగేళ్ళలో ఆ ఆటో గురించి మాట వచ్చింది లేదు. మాటలన్నీ ఈ పన్నెండు రోజుల్లోనే వచ్చాయి.

నిన్న సాయంత్రం కుసుమకుమారి ఆ గచ్చు మీద నూనెకు కాలు జారి పడింది. మోకాలు చీరుకుపోయింది. అసలే రెండు మూత్రపిండాలూ చెడిన మనిషి. వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాల్లో మలక్‌పేటలో దవాఖానకు వెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకుని రావాలి. చేతికి సూదులు గుచ్చిన చోట ఉబ్బిపోయి ఉంటుంది. అలాంటి మనిషి జారిపడేసరికి వెంకటేశ్వరరావుకు పిచ్చి కోపం వచ్చింది. రాత్రే బాత్‌రూములు కడిగే యాసిడ్ సీసా తెచ్చి మరక మీద ఒంపాడు. అది బుసబుసా పొంగి సిమెంటును తినేసింది గాని నూనెను ముట్టుకోలేదు. తెల్లారి చూస్తే నల్లమచ్చ నల్లగానే ఉంది, దాని చుట్టూ గచ్చు బొల్లి వచ్చినట్టు తెల్లబారింది. చదువుకున్నవాళ్ళకు అన్నీ తెలుసు, యాసిడ్ దేన్ని తింటుందో తప్ప.

“సాయంత్రం నేనొచ్చేసరికి ఈ జిడ్డు కనపడకూడదు. ఆవిడ ఎముక విరిగితే మీ సమ్మె వచ్చి అతకదు,” అన్నాడు వెంకటేశ్వరరావు.

లింగస్వామి తలెత్తి చూశాడు. మోకాలికి గుడ్డ కట్టుకుని పైన రెయిలింగు పట్టుకు నిలబడ్డ కుసుమకుమారి కనిపించింది. ఆమె మీద అతనికి కోపం లేదు. తన కూతురు రమ్యకు ఎక్కాలు నేర్పింది ఆమే. కాలేజీలు బందై ఆ పిల్ల అమ్మమ్మగారి ఊరికి పోయి కూర్చుంది గాని, లేకపోతే ఈపాటికి పై వాటాలోనే ఉండేది. మధ్యాహ్నం వచ్చి తీసేస్తానని చెప్పి, శిబిరానికి పోయి, మాట ప్రకారం ఒంటిగంటకు తిరిగొచ్చాడు.

మామూలు రోజుల్లో అయితే టింబర్ డిపో నుంచి బస్తాడు రంపపు పొట్టు తెచ్చేవాడు. డిపోలు బందు. నాగేశ్వరిని అడిగి ముగ్గుపిండి డబ్బా తెచ్చుకున్నాడు, పొయ్యి మీద సన్నని మంటకు సోడానీళ్ళు పెట్టించాడు. ఆటోను న్యూట్రల్ చేసి వెనక్కి నెట్టాడు. దాని కింద పరిచి ఉన్న గోనెసంచిని ఎత్తి పక్కన పడేశాడు. ఆ సంచి ఎవరు పరిచారో అతను ఆలోచించలేదు. మరక మీద పిండి దళసరిగా చల్లి, ఇటుకముక్క చదునుగా ఉన్న వైపుతో గుండ్రంగా రుద్దుతూ కూర్చున్నాడు. నూనెను నీళ్ళతో కడగబోయేవాడు వెర్రివాడు. దాన్ని ముందు పొడికి తాగించాలి. తాగినంత తాగాక ఊడ్చి, మళ్ళీ చల్లి, మళ్ళీ తాగించి, అప్పుడు వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి పోసి, ఇనుప బ్రష్షుతో తోమాలి. అయినా గచ్చు లోపలికి దిగింది పూర్తిగా పోదు. ఎండలో నెలా రెండు నెలలకు మనిషి కంటికి ఆనకుండా పోతుంది, అంతే.

రుద్దుతుంటే పిండి మొదట బూడిదరంగుకు, తర్వాత నలుపుకు తిరిగింది. ఒక మూల మాత్రం తేనెరంగులో నానింది. లింగస్వామి చేయి ఆగింది. వేలితో తీసి రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. పాత నూనె దుమ్ము తాగి గరగరలాడుతుంది. ఇది జారుతోంది.

తన ఆటో జబ్బు తనకు తెలియంది కాదు. ఆయిల్ సీలు అరిగిపోయి ఉంది. ఇంజను చల్లగా ఉంటే చుక్క కారదు. తిరిగొచ్చి, వేడి మీద నెమ్మదిగా లోపలికి వచ్చి ఆగేటప్పుడే చుక్కలు రాలుస్తుంది. అంటే పన్నెండు రోజులుగా కదలని బండి కింద మొదటి రోజు చుక్కలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అవీ ఈపాటికి దుమ్ము పట్టి ఎండిపోయి ఉండాలి. మరక రోజురోజుకూ పెరుగుతోందని వెంకటేశ్వరరావు రెండుసార్లు గొడవ పెట్టాడు. నిలబడ్డ బండి కారదా సార్ అని లింగస్వామి రెండుసార్లూ ఎదురు మాట్లాడాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆటో తోలినవాడు ఆ మాట ఎలా అన్నాడు? కోపం ముందు నిలబడితే తెలివి ఇంట్లో పడుకుంటుంది. అంతే మరి.

లేచి గేటు దాకా నడిచాడు. పొద్దున్నే చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి, ఈ పన్నెండు రోజుల్లో నిండు పగటి వెలుతురులో ఈ గచ్చును చూడటం ఇదే మొదలు. గేటు గడప నుంచి మొదలై ఆటో నిలబడే చోటు దాకా, బారెడుకొకటి చొప్పున చుక్కలున్నాయి. కొన్ని దుమ్ము కప్పుకుని ఉన్నాయి. కొన్నిటిని ఎవరో సబ్బునీళ్ళు పోసి తోమితే పలచగా పాకి ఉన్నాయి. కొన్ని ఇంకా మెరుస్తున్నాయి. పోయేటప్పుడు కారదు, వచ్చేటప్పుడే కారుతుంది. అన్నీ లోపలికి వచ్చిన చుక్కలే. ఒక రోజువి కావు, రెండు రోజులవి కావు. తన ఆటో సమ్మెలో లేదు.

మొదట ఎవడో దొంగ అనుకున్నాడు. దొంగ అయితే తిరిగి తెచ్చి ఎందుకు పెడతాడు? ఓనరేమో అనుకున్నాడు. సైకిలు కూడా తిన్నగా తొక్కలేని మనిషి ఆయన. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి పటం పక్కనే, మేకుకు, ఆటో తాళం వేలాడుతూ ఉంటుంది. ఆ మాట తోచగానే గుమ్మం వైపు తిరిగాడు. ఇది బయటపడితే? అడ్డాలో, శిబిరంలో, అంతయ్య ముందు? మంగళవారం తాను పూసిన నూనె ఇంకా తన గోళ్ళ సందుల్లోనే ఉంది.

నాగేశ్వరి గుమ్మంలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. అతను వచ్చి నిలబడ్డా తలెత్తలేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె తలెత్తని రోజులు అతనికి తెలుసు. ఆటో ఎవరు తీశారని అడిగాడు. ఆమె చాట పక్కన పెట్టింది.

“నేనే తోలిన,” అంది.

నవ్వొచ్చినంత పనైంది అతనికి. పెళ్ళైన కొత్తలో సరూర్‌నగర్ మైదానంలో మూడు ఆదివారాలు ఆమెకు ఆటో నేర్పించాడు. నాలుగో ఆదివారం, నీ వల్ల కాదులే అని నవ్వి మానేశాడు. ఆమె మానలేదు. రోజూ ఆటో కడగడానికి గేటు దాకా దించి, మళ్ళీ ఎక్కించేది ఆమే. పదిహేను ఇరవై గజాల రోడ్డు మీద, ఏళ్ళ తరబడి, ఎవరూ చూడకుండా డ్రైవరైంది. అది కూడా అతను చూడలేదు. కడిగిన ఆటో చూశాడు గాని, కడిగిన మనిషిని చూడలేదు.

ఎక్కడికి పోయావంటే దవాఖానకు అంది. ఎవరితో అంటే కుసుమమ్మతో అంది. తర్వాత ఆమే చెప్పుకుపోయింది, ఏడుపు లేదు, గొంతు పెంచడం లేదు. అడ్డా సమ్మె మొదలైన మర్నాడు, మంగళవారం, నాగోల్ నుంచి కుసుమకుమారి ఆడపడుచు కూతురు బిందుమాధవి కారు తెచ్చి దవాఖానకు తీసుకుపోయింది. తిరిగొస్తుంటే ఎవరో రాయి విసిరారు, ముందు అద్దం పగిలింది. ఆ పిల్ల మళ్ళీ రానంది. ఆ సంగతి భర్తకు చెప్పడానికి కుసుమకుమారికి ధైర్యం చాలలేదు. ఆయన అప్పటికే ఇల్లు అమ్మేసి విజయవాడ పోదామని పాట పాడుతున్నాడు. అద్దం పగిలిందని తెలిస్తే మర్నాడే తాళం వేస్తాడు. ఆమెకు ఈ ఇల్లు వదలడం ఇష్టం లేదు. సగం బతుకు ఈ ఊళ్ళోనే గడిచింది, మిగిలింది ఎంతో లేదు, అది కూడా ఇక్కడే గడవనీ అంటుంది. కాబట్టి ఆయనకేమో బిందుమాధవి కారు. లింగస్వామికేమో కదలని ఆటో. ఇద్దరు మగవాళ్ళకూ చెరొక అబద్ధం పెట్టి, ఇద్దరు ఆడవాళ్ళు నాలుగుసార్లు మలక్‌పేట పోయొచ్చారు. లింగస్వామి ఖాకీ చొక్కా చీర మీద వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక సందుల్లోంచి, మూసారాంబాగ్ మీదుగా. శిబిరం ఉన్న పెద్దరోడ్డు ఎక్కకుండా.

లింగస్వామికి అన్నిటికంటే ముందు కోపం వచ్చింది. కోపమే వస్తుంది అలాంటివాళ్ళకు, అది చవగ్గా దొరుకుతుంది గనక. దవాఖానకు పోయేవాళ్ళను ఎవరు ఆపారు, అడిగితే చీటీ రాసి తానే పంపేవాడు కదా, దొంగతనంగా పోవాల్సిన ఖర్మేంటని అరిచాడు. తన పరువు గచ్చు మీద చుక్కలు చుక్కలుగా కారబోశావన్నాడు.

“నువ్వు ఏమన్నవో యాదికున్నదా?” అంది నాగేశ్వరి. “మొదటి దినం. సారుతోని లొల్లైనప్పుడు. గీ గచ్చు మీదనే నిలబడి అన్నవ్. మీవోళ్ళు నడిరోడ్డు మీద పడి పానం ఇడుస్తున్నా నా ఆటో ఎక్కనియ్య అన్నవ్. ఆ తల్లి పైన నిలబడి ఇన్నది. ఇన్నంక ఏ మొకం పెట్టుకోని నిన్ను చీటీ అడుగుతది?”

గుర్తుంది. బస్సులు ఆపితే రాష్ట్రాలు వస్తాయా అని వెంకటేశ్వరరావు ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి లింగస్వామికి సూదిలా దిగింది. అతని తండ్రి మునుగోడు పక్క ఊళ్ళో ఫ్లోరైడు విషపు నీళ్ళు తాగి తాగి, నలభై అయిదేళ్ళకే నడుం వంగి, ఆకాశం చూడకుండా పోయాడు. కృష్ణ ఎక్కడో ఎవరికోసమో పారుతూనే ఉంది. లింగస్వామికి తెలంగాణ అంటే మైకు కాదు, తండ్రి వెన్నెముక. అది అబద్ధం కాదు. ఆ రోజు వచ్చిన కోపం కూడా అబద్ధం కాదు. కాని మాట అనేసి అతను మరిచిపోయాడు. రెయిలింగు దగ్గర నిలబడి విన్న మనిషి దాన్ని వారానికి మూడుసార్లు మోసింది.

కోపంలో వంద అంటామన్నాడు, గొంతు తగ్గించి. అయినా అంతయ్య లాంటివాడు చేస్తే ఒకటీ, సంఘం పెద్ద భార్య చేస్తే ఒకటీనా, ఇది తెలిస్తే అడ్డాలో తనను ఎవడు లెక్క చేస్తాడన్నాడు. అంతయ్య పేరు వినగానే నాగేశ్వరి ముఖం మారింది. చాట కాలితో పక్కకు నెట్టి లేచి నిలబడింది.

“అంతయ్య ఎక్కించుకున్న ఆడమనిషి ఎవలనుకున్నవ్?”

లింగస్వామికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాలేదన్నట్టే నిలబడ్డాడు.

మంగళవారం దవాఖాన నుంచి తిరిగి బయలుదేరే వేళకు ఆటో మొరాయించింది. ఎంత లాగినా స్టార్టు కాలేదు. సూదులు తీసిన చేయి పట్టుకుని కుసుమకుమారి ఎండలో మెట్ల మీద కూర్చుంది, కూర్చున్న చోటే సొమ్మసిల్లబోయింది. నాగేశ్వరికి ఎవరికి ఫోను చేయాలో తోచలేదు. మొగుడికి చేయలేదు. పక్క సందులో ఉండే అంతయ్యకు చేసింది. వదినా అని పిలుస్తాడు, పండక్కి వచ్చి అన్నం తిని పోతాడు. అతను మారుమాట లేకుండా తన ఆటో తీసుకొచ్చి కుసుమకుమారిని ఇంటి దగ్గర దింపాడు. నాగేశ్వరిని, చెడిపోయిన ఆటోను తీసుకుపోవడానికి ఖాళీ బండితో తిరిగొస్తుంటే చైతన్యపురి దగ్గర దొరికాడు. ఎవరామె అని అడిగింది లింగస్వామి. కుసుమమ్మ అంటే నాగేశ్వరి బయటపడుతుంది. నాగేశ్వరి బయటపడితే లింగస్వామి తల దించుకోవాలి. అందుకని తనే తల దించుకున్నాడు.

“గా మొకంతోనే దవాఖానకొచ్చిండు. కండ్లల్ల నూనె పోయి ఎర్రగైనయ్. ఏంది అంతయ్యా అంటే, షెడ్డుల పైపు పగిలి మీద పడ్డది వదినా అన్నడు. ప్లగ్గు సాఫ్ జేసి బండి సాలు జేసి ఇచ్చి పోయిండు.” నాగేశ్వరి అతని చేతుల వైపు చూసింది. “పొద్దుమీకి నువ్వొచ్చినవ్. అన్నం తినుకుంట, నవ్వుకుంట, ఎట్ల పూసినవో నాకు చేతులు తిప్పి చూపెట్టినవ్. నేను నీకు పప్పు పోసిన.”

గురివిందకు తన కింద నలుపు తెలియదంటారు. తెలియకపోవడం దాని అదృష్టం. లింగస్వామికి ఇప్పుడు తెలిసింది. అంతయ్య కళ్ళు మూసుకుని నిలబడ్డది నూనె పడకుండా అనుకున్నాడు. తనను చూడలేక అని ఇప్పుడు తోచింది. మంగళవారమే ఎందుకు చెప్పలేదని అడగబోయి అడగలేదు. ఆమె అడక్కుండానే చెప్పింది. మర్నాడు పోయి నిలదీస్తే అంతయ్య ఒట్టు పెట్టించుకున్నాడట, అన్న ఇజ్జత్ పోతది, నాదేమున్నది అని. తనకు కూడా భయమేసిందట. అయినా నిన్న గురువారం మళ్ళీ ఆటో తీసింది. రక్తం కడిగించుకోకపోతే మనిషి వారం కూడా ఆగదు, సమ్మె ఎన్నాళ్ళైనా ఆగుతుంది అంది.

అప్పుడు ఫోను మోగింది. సంఘం కార్యదర్శి సైదులు. శిబిరంలో మైకు గోల వెనక నుంచి గట్టిగా మాట్లాడుతున్నాడు, మాటలన్నీ నాగేశ్వరికి కూడా వినిపిస్తున్నాయి. అంతయ్య తనంతట తానే వచ్చాడట. కిరాయికి ఆశపడి బండి తీశాను, పానం బాగలేని మనిషి అన్నది అబద్ధం, నాలుగు గంటలకు అందరి ముందూ మాఫీ అడుగుతాను, ఇక ఈ ముచ్చట ఇక్కడితో వదిలేయండి అన్నాడట. కాగితం మీద రాయించి వేలిముద్ర కూడా వేయించుకున్నారట. ఏడాదిపాటు అడ్డాకు రావద్దని తీర్పు చెప్పాల్సింది అధ్యక్షుడే గనక, అన్న తొందరగా రావాలి.

“వస్తున్న,” అన్నాడు లింగస్వామి.

ఫోను జేబులో పెట్టుకున్నాడు. మూడున్నర అయింది. నాగేశ్వరి అతని ముఖమే చూస్తోంది. ఇరవై ఏళ్ళుగా తెలిసిన మొగుడు ఇప్పుడేం చేస్తాడో ఆమెకు నిజంగా తెలియలేదు. బహుశా మంచిదే చేస్తాడనుకుంది. అలా అనుకోవడమే ఆమె పొరపాటు.

లింగస్వామి పొయ్యి మీద కాగుతున్న సోడానీళ్ళ గిన్నె గుడ్డతో పట్టుకుని దించాడు. ఇనుప బ్రష్షు తీసుకున్నాడు. పెద్దమరక దగ్గరికి పోలేదు. దాని మీద పిండి అలాగే ఉంది. నేరుగా గేటు దగ్గరికి పోయి, మొదటి చుక్క మీద నీళ్ళు పోసి, మోకాళ్ళ మీద కూర్చుని తోమడం మొదలుపెట్టాడు. దాని తర్వాత రెండోది. చేయి కాలుతున్నా ఆపలేదు. నిలబడ్డ చోట మరక ఎవరు చూసినా ఏమీ కాదు, నిలబడ్డ బండికి మరక ఉంటుంది. దారి పొడుగునా ఉన్న చుక్కలే అతని ప్రాణం తీసేవి. శిబిరం నుంచి ఎవడైనా ఇంటికొస్తే ముందు కనపడేవి అవే. నాలుగు గంటల లోపు అవి పోతే, అంతయ్య రాసిచ్చిన కాగితం నిజమైపోతుంది.

నాగేశ్వరి గుమ్మంలోంచి చూసింది. అతను దేన్ని తుడుస్తున్నాడో, దేన్ని వదిలేశాడో చూసింది. ఎంత మనిషిని ఎంతకాలం చూసినా, చిట్టచివరికి ఒక చిన్న పనిలో వాడు మొత్తం కనపడిపోతాడు. ఆమె లోపలికి పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు చేతిలో తాళం ఉంది. ఒంటి మీద ఖాకీ చొక్కా లేదు, తలకు తువ్వాలు లేదు. పొద్దున కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కి కూర్చుని హ్యాండిల్ లాగింది. ఒక్క లాగుకే ఇంజను అందుకుంది.

లింగస్వామి బ్రష్షుతో సహా లేచి ఆటోకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఎక్కడికన్నాడు. శిబిరానికి అంది. పెద్దరోడ్డు మీద నుంచే పోతానంది, మైకు ఇవ్వకపోయినా చెప్తానంది. అతను మొదట తిట్టాడు. తర్వాత బతిమాలాడు. అంతయ్యను తర్వాత తాను చూసుకుంటానన్నాడు, ఆర్నెల్లలో మళ్ళీ అడ్డాకు తెప్పిస్తానన్నాడు, ఎవరికీ తెలియకుండా అన్నీ సర్దుతానన్నాడు. ఈ ఉద్యమంలో తనకంటూ ఒక పేరు వచ్చింది, ఊళ్ళో కూలోడి కొడుకుకు నలుగురిలో కుర్చీ వేస్తున్నారు, అది పోగొట్టకు అన్నాడు. నాగేశ్వరికి జాలి వేసింది కూడా. అయినా ఇంజను ఆపలేదు.

“జరుగు,” అంది.

అతను జరగలేదు. ఆమె బండిని గేరులో వేసి ముందుకు కదిలించింది. ముందు చక్రం అతని కాలికి జానెడు దూరంలో ఆగింది.

“నాగేశ్వరీ, ఉండు.”

ఇద్దరూ తల తిప్పారు. కుసుమకుమారి మెట్లు దిగి వస్తోంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, గోడ పట్టుకుని, మోకాలి గుడ్డ మీద కొత్తగా నెత్తురు మచ్చ పడుతుండగా దిగుతోంది. చేతిలో ఫోను ఉంది. కింది మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుని, తన భర్తకు ఇప్పుడే ఫోను చేశానని చెప్పింది. బిందుమాధవి కారు మొదటి రోజే ఆగిపోయిందని, మిగతా నాలుగుసార్లూ తనను తీసుకుపోయింది నాగేశ్వరి అని, అంతా చెప్పేశానంది. ఆయన బ్యాంకు నుంచి బయలుదేరాడట. రేపే తాళం వేద్దాం అన్నాడట. వేస్తే వేస్తాడు అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆమె కళ్ళు ఇంటి వైపు తిరిగి, వెంటనే మళ్ళాయి.

“ఎవరో కుర్రాడు నాకోసం ముఖానికి నూనె పూయించుకుని, పైగా తానే దొంగనని రాసిచ్చాడటగా. నేను పైన పడుకుని ఉండనా?”

తడి గచ్చు మీద అడుగు వేసింది. కాలు కొంచెం జారింది. లింగస్వామి చేయి తనంతట తానే ముందుకు వచ్చింది. ఆమె ఆ చేతిని, దాని గోళ్ళ సందుల్లోని నలుపును చూసింది. పట్టుకోలేదు. ఆటో కడ్డీ పట్టుకుని, ఒళ్ళంతా బరువుగా ఈడ్చుకుంటూ వెనక సీట్లో కూర్చుంది.

లింగస్వామి జేబులో ఫోను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. కుసుమకుమారి చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఊపిరి నిలదొక్కుకునేదాకా ఆగి, పద్నాలుగేళ్ళుగా కూరగాయల మార్కెట్‌కు బయలుదేరేటప్పుడు ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడింది.

“నన్ను శిబిరానికి తీసుకెళ్ళాలి లింగస్వామీ. నువ్వు తోలతావా, తననే తోలమంటావా?”